కెరిమ్‌కుల్ చావుకి కనుమ దాటుతూ

కెరిమ్‌కుల్ చచ్చాడు. నిన్న పాలు పిండే వేళకి, కారా-సాజ్ లోయలో, తన ఇంట్లో, తన పరుపు మీద, కొడుకులూ కోడళ్ళూ మనవలూ చుట్టూ కూచుని ఉండగా సుఖంగా చచ్చాడు, వాడికి అలాంటి చావు ఎవడిచ్చాడో గానీ ఇచ్చాడు, ఇవాళ మధ్యాహ్నం నమాజు కాగానే మట్టి చేస్తారు, ఈలోగా కనుమ ఎక్కి దిగి అక్కడికి చేరాలి, చేరి జనం మధ్యలో నిలబడి ఒక్క మాట అనాలి, అంతే, ఇంకేం వద్దు. తెల్లవారుజామున కబురు తెచ్చినవాడు గుర్రం కూడా దిగలేదు, జీను మీంచే ఓ గిన్నెడు గుర్రపు పాలు తాగి మూతి తుడుచుకుని పై గుడారాలకి వెళ్ళిపోయాడు. వాడు అటు తిరగ్గానే కుబాత్‌కి కలిగింది సంతోషం కాదు, కంగారు. ఆలస్యమైపోతుందేమోనని కంగారు. పాతికేళ్ళ పైమాటగా ఎదురుచూసిన రోజు వచ్చింది, తీరా వచ్చాక వేళ మించిపోతే ఆ మాట మళ్ళీ ఎవరి శవం ముందు అంటాడు? తొందరలో జీను పట్టీ రెండుసార్లు తప్పు బిగించాడు, గుర్రం వెనక్కి తిరిగి చూసింది, దాన్ని కూడా తిట్టాడు.

వెనకాల రౌషాన్ వస్తోంది. ఆల్మాటీ పట్నం నుంచి శాంతి కోసం వచ్చింది. ఈ మధ్య అందరూ దానికోసమే వస్తున్నారు, వెనకటికి వేటకి వచ్చేవాళ్ళు, చేపలకి వచ్చేవాళ్ళు, ఇప్పుడు శాంతి, అదేదో ఈ కొండల్లో రాళ్ళ కింద పుట్టగొడుగుల్లా మొలుస్తున్నట్టు, కుబాత్ గుర్రాలు అద్దెకిచ్చి దాన్ని చూపించాలన్నట్టు. నాలుగు రోజులుగా ఈవిడ ఫోను ఆపేసుకుని, వాగు కనబడ్డ ప్రతిచోటా కళ్ళు మూసుకుని ఊపిరి లోపలికి లాగి, కాసేపు ఆపి, వదులుతోంది. దొరికిందా చెల్లెమ్మా అని నిన్న అడిగితే, ఇంకా లేదన్నా, రేపు కనుమ మీద దొరుకుతుందేమో అంది. మంచిదే, నవ్వుతూ అంది, మంచి మనిషే. కానీ ఇవాళ ఆవిడ గుర్రం నెమ్మది, దాని దుంపతెగ, ప్రతి గడ్డిపోచకీ మొక్కుకుంటూ వస్తుంది, ఆవిణ్ణి కొండ మీద ఒంటరిగా వదిలి వెళ్ళిపోవడానికి మనసొప్పదు, పోనీ ఆవిడ వెళ్ళాల్సింది కూడా ఆ లోయకే. కుబాత్ కళ్ళెం లాగి ఆగాడు, ఆగిన ప్రతిసారీ ఎండ ఎక్కడిదాకా వచ్చిందో చూశాడు, చూసిన ప్రతిసారీ అది ముందుకే జరిగింది.

అనాల్సిన మాట సిద్ధంగా ఉంది. ఇన్నేళ్ళలో దాన్ని ఎన్నిసార్లు మార్చాడో లెక్కలేదు. వయసులో ఉన్నప్పుడు అది చాలా పొడుగు, కెరిమ్‌కుల్ తాతని తిట్టడంతో మొదలయ్యేది. పెళ్ళయ్యాక కాస్త తగ్గింది. గొర్రెలకి చెప్పి చూశాడు, అవి విన్నాయి. మంచు పడ్డ రోజుల్లో దొడ్డి ఊడుస్తూ ఊడుస్తూ పారకి ఆనుకుని చెప్పుకునేవాడు, భార్య వచ్చి ఎవరితో మాట్లాడుతున్నావంటే దగ్గేవాడు. ఇప్పుడది ఎండబెట్టిన పెరుగుండలా చిన్నగా, రాయిలా అయింది. ముల్లా శవం పక్కన నిలబడి జనం వైపు తిరిగి, ఈయన ఎలాంటి మనిషి అని అడుగుతాడు. అందరూ ఒక్క గొంతుతో మంచి మనిషి అంటారు. ఎవరికైనా అంటారు. తాగి పెళ్ళాన్ని కొట్టినవాడికీ అంటారు, ఉమ్మడి మంద గొర్రెల్ని దిగమింగిన మేస్త్రీకీ అంటారు, అవతల లోకంలో ఆ జవాబే సాక్ష్యం మరి, ఎవడు కాదంటాడు. కుబాత్ కాదంటాడు. వాళ్ళ నోళ్ళు తెరుచుకునే లోపలే అంటాడు, కెరిమ్‌కుల్ చెడ్డ మనిషి, అబద్ధాలకోరు, నోరులేని శవం మీద నింద వేసినవాడు, ఆ నింద మోసుకుంటూనే పొమ్మనండి. తర్వాత అందరూ తలలు దించుకోవాలి. వాడి కొడుకు దాయిర్ మొహం పాలిపోవాలి. గాలి తప్ప ఏమీ వినపడకూడదు. అది చూడాలి, ఆ చప్పుడు లేకపోవడం వినాలి, అప్పుడు కుబాత్ గుర్రమెక్కి ఇంటికొచ్చి కడుపు నిండా తిని పడుకుంటాడు.

ఎందుకంటే ఆ నిశ్శబ్దం ఎలా ఉంటుందో అతనికి తెలుసు. అతనికి పందొమ్మిదేళ్ళప్పుడు, మంచు కరిగి దారులన్నీ బురదగా ఉన్న రోజుల్లో, తండ్రి మామ్‌బెత్ పోయాడు, ఛాతీలో నొప్పి అని కూచున్నవాడు కూచున్నట్టే. లోయంతా వచ్చింది. మామ్‌బెత్‌కి ఎవరితోనూ పేచీ లేదు, ఎవరి గొర్రె తప్పిపోయినా తనే ముందు వెతకడానికి బయల్దేరేవాడు, నవ్వితే ముందు భుజాలు కదిలేవి తర్వాత నోరు కదిలేది. శవాన్ని కంబళిలో చుట్టి బల్ల మీద పెట్టారు, పెదనాన్న ముందుకొచ్చి ఆచారం ప్రకారం అడిగాడు, నా తమ్ముడు ఎవరికైనా ఏమైనా బాకీ పడి ఉంటే ఇప్పుడే చెప్పండి, నా మెడకి చుట్టండి, వాడి మెడకొద్దు అని. ఇది అడగడానికే అడుగుతారు, ఎవరూ ఏమీ అనరు, ఉన్నా అనరు, తర్వాత చాటుగా వచ్చి పెద్దకొడుకు చెవిలో వేస్తారు. కెరిమ్‌కుల్ అన్నాడు. నక్కతోలు టోపీ సర్దుకుని వరసలోంచి బయటికొచ్చి మరీ అన్నాడు.

"నా బూడిదరంగు ఆడగుర్రం పోయిన చలికాలం మాయమైంది. మామ్‌బెత్ పనే అది. ఇక్కడ తీరుస్తారో, అక్కడ ఆయన్నే తీర్చుకోమంటారో మీ ఇష్టం."

తల కొట్టేసినట్టయింది. పెదనాన్న చేయి ఊపాడు, ఎవరో వెళ్ళి తండ్రి ఎక్కే ఎర్ర గుర్రాన్ని విప్పి తెచ్చి కెరిమ్‌కుల్ చేతికి కళ్ళెం ఇచ్చారు, ఆ గుర్రం వెళ్ళనని మొరాయించింది, బురదలో దాని డెక్కలు జారిన చప్పుడు. అప్పుడు ముల్లా అడిగాడు, ఈ మామ్‌బెత్ ఎలాంటి మనిషి. ఎవరూ అనలేదు. ఎవడో దగ్గాడు. కంబళి అంచు గాలికి లేచి పడింది. ముల్లా కాసేపు ఆగి మళ్ళీ అడిగాడు, ఈసారి కాస్త బతిమాలుతున్నట్టు, అప్పుడూ అనలేదు, దొంగని మంచివాడంటే కెరిమ్‌కుల్ అబద్ధాలకోరవుతాడు, బతికున్నవాడితో, అందులోనూ గుర్రాల ఆసామితో పేచీ ఎవరికి కావాలి, చచ్చినవాడు ఏం చేస్తాడు. ముల్లా గబగబా దువా చదివేసి పని కానిచ్చాడు. మామ్‌బెత్ జవాబు లేకుండా మట్టిలోకి వెళ్ళాడు. కుబాత్ కంట్లో ఒక్క చుక్క రాలేదు ఆ రోజు, తర్వాత కూడా రాలేదు, ఉన్న నీళ్ళన్నీ ఆ నిమిషంలోనే ఎండిపోయాయి. ఆ తర్వాత ఎక్కడికెళ్ళినా జనం నవ్వే, గుర్రాల మీద మేకకళేబరాన్ని లాక్కునే పోటీలకి వెళ్తే, వీడికి గుర్రం ఎరువివ్వకండ్రోయ్, తిరిగొస్తే ఒట్టు అని అరుపులు, అరిచినవాళ్ళకి మరుసటి రోజుకే గుర్తుండదు, కుబాత్‌కి మాత్రం ఒక్కొక్కడి పళ్ళు కూడా గుర్తే. అందుకే తాతల నాటి ఊరు వదిలి కనుమకి ఇవతల కాపురం పెట్టాడు.

కనుమ మీదికి చేరేసరికి గాలి ఒకటే ఈడ్చికొట్టడం. రాళ్ళగుట్ట పక్కన దిగి జీను పట్టీలు బిగించాలి, దిగుడులో వదులైతే ప్రమాదం, ఎంత తొందరున్నా అది తప్పదు. రౌషాన్ దిగి రెండు వైపులా లోయల్ని చూసింది, ఊపిరి లాగింది, ఆపింది, గాలి ఎక్కువై దగ్గొచ్చింది.

"పొద్దున్నించీ మాట్లాడట్లేదు కుబాత్ అన్నా. పోయినాయన మీకు దగ్గరి చుట్టమా?"

"చుట్టాన్ని ఎవడమ్మా ఇంతగా తలుచుకునేది. పొద్దున లేస్తే ఆయనే, పడుకుంటే ఆయనే."

"అయ్యో, అంత ప్రేమా!"

"శత్రువు."

ఆవిడ నవ్వబోయి ఆగిపోయింది. "శత్రువు చావుకి గుర్రాన్ని ఇలా తోలుకుంటూ వెళ్తారా ఎవరైనా?"

"ఒక మాట చెప్పాలి."

"పోయినాయనకా?"

"ఆయన చుట్టూ నిలబడ్డవాళ్ళకి చెవులున్నాయిగా."

ఆవిడ సంచీ విప్పి గుడ్డలో చుట్టిన గుర్రపుమాంసం సాసేజీ తీసింది, మా అమ్మ పెట్టిచ్చింది, మీరు పొద్దున్నించీ ఏమీ ముట్టలేదు అని చాకుతో ముక్క కోసి ఇచ్చింది. పసుప్పచ్చటి కొవ్వు. కుబాత్ నోట్లో వేసుకున్నాడు, చల్లగా ఉన్న కొవ్వు నాలుక వేడికి మెల్లగా కరిగింది, ఉప్పు, వెల్లుల్లి, ఆ వెనకాల గుర్రపుకొవ్వుకి మాత్రమే ఉండే తీపి, ఆ తీపి గొంతులోకి దిగుతుండగా ఎక్కడో తలుపు మూసుకున్న చప్పుడు వినిపించింది. తన అమ్మ మూసింది, ఎన్నో ఏళ్ళ కిందటి తమ ఇంట్లో. వాసన బయటికి పోకుండా తలుపు మూసి, కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కింది. ఏ ఏడు అది? ఉమ్మడి పొలాల కల్హోజ్ ఎత్తేసిన ఏడు, పంచుకున్న గొర్రెల్ని పిండి కోసం అమ్ముకున్న ఏడు, కరెంటు లేదు, జీతాలు లేవు, అమ్మ రోజూ బార్లీ ఉడకబెట్టేది, బార్లీ అయిపోయాక ఉడకబెట్టిన నీళ్ళే ఉడకబెట్టేది, చెల్లి ఐనాష్‌కి కాళ్ళు వాచి నొక్కితే గుంట పడేది. తండ్రి రెండు రోజులు కనపడకుండా పోయి ఓ పొద్దున గోనెసంచీతో వచ్చాడు. కొండ మీద ఎవరిదో గుర్రం కాలు విరిగిందట, ఆసామి అందరికీ పంచాడట. అలా చెప్పాడు, చెబుతూ పొయ్యి వంక చూశాడు. ఎవరి గుర్రమని అమ్మ అడగలేదు. కుబాత్ అడగలేదు. ఐనాష్ వేళ్ళు నాకుతూ తింది, నాకినవేళ్ళే మళ్ళీ నాకింది, తండ్రి భుజాలు కదిలాయి, నవ్వుతున్నాడనుకున్నారు, నోరు మాత్రం కదల్లేదు.

నములుతున్న నోరు ఆగింది. ఇంకా ఉంది. ఆ తర్వాత ఓ రోజు నీళ్ళకోసం వాగుకెళ్ళి మంచుపలక పగలగొడితే, కింద, రాళ్ళ మధ్య, నీటికి ఊగుతూ ఓ తోలు ముక్క. బూడిదరంగు వెంట్రుకలు. కుబాత్ అటూ ఇటూ చూశాడు, మోకాళ్ళదాకా నీళ్ళలోకి దిగాడు, ఎత్తలేనంత రాయిని ఎత్తి దాని మీద పెట్టాడు. పెట్టాడు, తనే, ఈ చేతులతోనే, తర్వాత బిందె నింపుకుని ఇంటికెళ్ళాడు. అది ఎప్పుడూ జరగనట్టే బతికాడు. అది గుర్తుకొచ్చేలోపు కెరిమ్‌కుల్ గుర్తుకొచ్చేవాడు, నక్కతోలు టోపీ గుర్తుకొచ్చేది, ఒళ్ళు మండేది, ఆ మంటలో మిగతాదంతా కాలి బూడిదైపోయేది, అబద్ధాలకోరు, అబద్ధాలకోరు, ఇన్నేళ్ళూ ఆ ఒక్క ముక్కనే నమిలాడు. ముల్లా రెండోసారి అడిగినప్పుడు లోయంతా నోరు మూసుకుంది సరే, శవం పక్కనే నిలబడ్డ కొడుకు ఏం చేశాడు? వాడు కూడా అనలేదు. వాడి నోట్లో అప్పటికీ ఆ కొవ్వు తీపే ఉంది.

"బాగాలేదా అన్నా?" అంది రౌషాన్.

"బాగుంది. చాలా బాగుంది," అన్నాడు కుబాత్, గుర్రమెక్కాడు.

దిగుడు. గుర్రం వెనక్కాళ్ళ మీద బరువేసి ఒక్కో అడుగూ వెతుక్కుంటూ దిగుతోంది, కుబాత్ వెనక్కి వాలి కూచున్నాడు, మాటలోంచి ఒక ముక్క ఊడిపోయింది, అబద్ధాలకోరు అనడానికి ఇక లేదు. దాంతో అంతా కూలిపోతుందనుకున్నాడు, కూలలేదు, ఛాతీ మీంచి ఏదో జరిగినట్టయి ఊపిరి అడుగుదాకా వెళ్ళింది, ఆ ఊపిరితోపాటే కోపం ఇంకా పెరిగింది, ఇది మాత్రం శుభ్రమైన కోపం. వాడికి తెలుసు కదా, కెరిమ్‌కుల్‌కి తెలుసు, చలికాలంలోనే తెలుసు. పిండిమర దగ్గర మామ్‌బెత్‌ని కలిశాడు, రెండు చేతులతో చేయి కలిపాడు, ఎలా ఉన్నారు పిల్లలు అని అడిగాడు, కుబాత్ పక్కనే ఉన్నాడు, తండ్రి చేయి వెనక్కి లాక్కోవడం చూశాడు. అప్పుడే అడిగి ఉండొచ్చు. ఏరా మామ్‌బెత్, నా గుర్రాన్ని తిన్నావు కదరా అని గల్లా పట్టుకుని నాలుగు తన్ని ఉండొచ్చు, మామ్‌బెత్ ఒప్పుకునేవాడు, మోకాళ్ళ మీద పడేవాడు, ఎర్ర గుర్రాన్ని తనే ఇచ్చేవాడు. అడగలేదు. దాచుకున్నాడు. మామ్‌బెత్ నోరు విప్పలేని రోజు కోసం, లోయంతా ఒకచోట చేరే రోజు కోసం ఆగాడు. అంత ఓపిక పగవాడికి కూడా ఉండకూడదు. మరి నీకు లేదా ఆ ఓపిక, కుబాత్? నువ్వేం చేస్తున్నావు ఈ దిగుడులో? పోరా, నాకు చెప్పొచ్చావు, అని తనని తనే తిట్టుకున్నాడు, పైకే తిట్టుకున్నాడేమో వెనకనుంచి రౌషాన్, నన్నేనా అన్నా, అంది, కాదమ్మా గుర్రాన్ని అన్నాడు. చెడ్డ మనిషి. అది మిగిలింది. శవం మీద నింద, అది నిజం కాబట్టి అదీ పోయింది. చెడ్డ మనిషి ఒక్కటే పిడికిట్లో పట్టుకుని గడ్డివాలుల్లోకి దిగాడు, ఎక్కడో బొరియ దగ్గర మార్మట్ ఈల వేసింది, వాగు చప్పుడు దగ్గరైంది, అదే వాగు, ఆ రాయి ఇంకా అందులోనే ఉండి ఉంటుంది, తోలు ఏనాడో కుళ్ళి పోయి ఉంటుంది, రాయి దేన్ని దాస్తోంది ఇంకా?

మలుపు తిరగ్గానే ఇల్లు కనపడింది. పెరట్లో శవం కోసం వేసిన తెల్ల గుడారం, దాని ముందు నడుములకి గుడ్డలు కట్టుకుని, కర్రల మీద వంగి, వరసగా మగవాళ్ళు. లోపలనుంచి గోడవైపు తిరిగి కూచున్న ఆడవాళ్ళ శోకం సన్నగా వస్తోంది. ఇక్కణ్ణించి అరుస్తూ వెళ్ళాలి. వచ్చే మగవాడు ఎవడైనా ఇల్లు కనపడ్డ చోట గుర్రాన్ని అదిలించి, పోయినవాడు తోటివాడైతే తమ్ముడా అనీ పెద్దవాడైతే నాన్నా అనీ గొంతెత్తి ఏడుస్తూ వెళ్ళాలి, లేకపోతే వాడు చావుకొచ్చినట్టు కాదు. కుబాత్ అరవదలుచుకోలేదు. నిటారుగా, నిశ్శబ్దంగా, నడకతో వెళ్ళి దిగుదామనుకున్నాడు, వాళ్ళకి అక్కడే అర్థం కావాలి. కానీ గుర్రానికి ఆ వరస తెలుసు, ఎన్ని చావులకి తీసుకెళ్ళాడో దాన్ని, అది చెవులు రిక్కించి, ఎవరూ చెప్పకుండానే పరుగందుకుంది, ఆ కుదుపుకి నోరు తెరుచుకుంది, తెరుచుకున్న నోట్లోంచి, నాన్నా! నా నాన్నా! అయ్యో నా తండ్రీ! అని, అతను ఎప్పుడూ వినని గొంతు ఒకటి, పందొమ్మిదేళ్ళ గొంతు. దాన్ని ఆపుదామనుకున్నాడు, ఆగలేదు. బురదలో జారిన డెక్కలు, నాన్నా, పొయ్యి వంక చూసిన మొహం, నాన్నా, నవ్వని భుజాలు, నాన్నా నువ్వు రెండు రోజులు ఆ మంచులో ఒక్కడివే ఏం చేశావు, చాకు పట్టుకుని ఎంతసేపు నిలబడ్డావు, ఆ గుర్రం నీ చేయి వాసన చూసి ఉంటుంది కదా, నాన్నా. ఇద్దరు ఎదురొచ్చి కళ్ళెం పట్టుకున్నారు, చంకల్లో చేతులు వేసి దించారు, దాయిర్ వచ్చి గట్టిగా కావలించుకున్నాడు, వాడి చెంప తడి ఇతని చెంపకి అంటుకుంది.

"కనుమ దాటి వచ్చావా అన్నా," అన్నాడు దాయిర్ వెక్కుతూ. "మా నాన్న కోసం ఇంతలా... ఎవరొచ్చినా నువ్వు మాత్రం రావనుకున్నాను."

నీ నాన్న కోసం కాదురా అందామనుకుని వాడి మొహంలోకి చూశాడు. దాయిర్ మీసంలో తెల్ల వెంట్రుకలు ఉన్నాయి. నాన్నని మట్టి చేసిన రోజు వీడు ఏ వరసలో నిలబడ్డాడో, ఎంతవాడో, కుబాత్‌కి ఎంత వెతికినా గుర్తు రాలేదు.

నమాజు అయింది. కెరిమ్‌కుల్ కంబళిలో ఉన్నాడు, అంత పెద్ద మనిషి అందులో సగం కూడా లేడు. దాయిర్ ముందుకొచ్చి నిలబడ్డాడు, మా నాన్న ఎవరికైనా ఏదైనా బాకీ పడి ఉంటే చెప్పండి, నా మెడకి చుట్టండి అన్నాడు, అలవాటు ప్రకారం ముల్లా కేసి తిరగబోయాడు.

"ఉంది," అన్నాడు కుబాత్.

వరసలు కదిలాయి. దాయిర్ మొహం పాలిపోయింది, ఇన్నేళ్ళు ఊహించుకున్నట్టే అచ్చంగా పాలిపోయింది, అది చూడ్డం బాగాలేదు. కుబాత్ బయటికొచ్చి నిలబడ్డాడు. పిడికిట్లో పట్టుకున్న మాట కోసం చూసుకున్నాడు, అరుపుల్లో ఎక్కడో జారిపోయింది.

"బూడిదరంగు గుర్రం సంగతి మీలో పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. మా నాన్నే తీసుకున్నాడు. నిజం. మేం తిన్నాం, నేను తిన్నాను, తోలు నేనే దాచాను. ఆ రోజే గుర్రానికి గుర్రం ఇచ్చేశాం, దాంతో కెరిమ్‌కుల్‌కీ మాకూ చెల్లు." గొంతు బొంగురుపోయింది, అయినా తగ్గించలేదు. "కానీ ఆ రోజు ముల్లా రెండుసార్లు అడిగాడు. ఒక్కరూ జవాబు చెప్పలేదు. మీరు చెప్పలేదు, నేనూ చెప్పలేదు. మా నాన్న జవాబు లేకుండా పోయాడు. ఆ బాకీ పడి ఉంది మీ అందరి మీదా, నా మీదా. ఇప్పుడు అడుగుతున్నాను. మామ్‌బెత్ ఎలాంటి మనిషి?"

గాలి. తెల్ల గుడారం తాళ్ళు కొట్టుకున్నాయి. వాకిలి అవతల తన గుర్రం పక్కన నిలబడ్డ రౌషాన్ ఊపిరి తీసుకోవడం మర్చిపోయి చూస్తోంది. దాయిర్ తండ్రి శవం వంక చూశాడు, కుబాత్ వంక చూశాడు, కాళ్ళ దగ్గర మట్టి వంక చాలాసేపు చూశాడు.

"మంచి మనిషి," అన్నాడు దాయిర్.

"మంచి మనిషి," అన్నాడు వెనక వరసలో ఎవరో ముసలాయన. ఆ తర్వాత అక్కడొకరు ఇక్కడొకరు, ఆ తర్వాత అందరూ, మంచి మనిషి, మంచి మనిషి. మామ్‌బెత్‌ని ఎప్పుడూ చూడని కుర్రాళ్ళు కూడా అన్నారు. కుబాత్ వెళ్ళి వరసలో తన చోట నిలబడ్డాడు. ఒంట్లో ఏమీ మిగల్లేదు, ఎండ మాత్రం మెడ మీద వెచ్చగా ఉంది.

ముల్లా గొంతు సవరించుకున్నాడు, కంబళి వైపు చేయి చూపించాడు.

"మరి ఈ కెరిమ్‌కుల్ ఎలాంటి మనిషి?"

జనం నోరు తెరిచే లోపలే, అరిచి అరిచి బొంగురుపోయిన గొంతు ఒకటి, మంచి మనిషి అంది. పక్కన ఉన్నాయన తల తిప్పి చూసినప్పుడు గానీ అది తన గొంతేనని కుబాత్‌కి తెలియలేదు.